పాత బండ్లు: ప్రశ్నలు, జవాబులు
రెండు పెట్రోల్ ట్యాపులను ఒకటి చేయొచ్చా?

ఈసారి శీర్షిక మొత్తం పెట్రోల్ ట్యాపుకే. ముందుగా ఒక్క మాట: కింద చెప్పిన పనులన్నీ ఇంజన్ చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాకే మొదలుపెట్టండి. పెట్రోల్ పట్టడానికి మూత ఉన్న ఇనుప డబ్బా వాడండి.

ప్రశ్న: నాది 1960ల నాటి బ్రిటిష్ ట్విన్, అంటే రెండు సిలిండర్ల మోటారు సైకిల్. ట్యాంకు కింద రెండు ట్యాపులు, రెండు కార్బురేటర్లు, మధ్యలో మూడు పైపులను కలిపే టీ (T) జాయింట్లు, లెక్కలేనన్ని క్లిప్పులు. ఎప్పుడు చూసినా ఏదో ఒక అతుకు చెమ్మగా ఉంటుంది. ఒక ట్యాపు తీసేసి ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి, మిగిలిన ఒక్కదానితో నడపొచ్చా?

జవాబు: నడుస్తుంది. ట్యాపు లోపలి దారి 6 మి.మీ. ఉండి, జాలీ శుభ్రంగా ఉంటే రెండు కార్బురేటర్లకూ ఒక్కటే చాలు. ఇంజన్‌కు పెట్రోల్ అందుతుందా అన్నది ఇక్కడ పెద్ద సమస్య కాదు. ట్యాంకులో ఎంత పెట్రోల్ మిగిలిపోతుందన్నదే అసలు సమస్య.

రెండు ట్యాపులు రెండు కార్బురేటర్ల కోసమని చాలామంది అనుకుంటారు. ఒక్క కార్బురేటర్ ఉన్న పాత బండ్లకూ రెండు ట్యాపులు ఉండేవి. కారణం ట్యాంకు ఆకారం. ఫ్రేము పై గొట్టం మీద జీను వేసినట్టు కూర్చునే ట్యాంకుకు మధ్యలో సొరంగం ఉంటుంది, దానికి చెరో పక్కన ఒక్కో పొట్ట. పెట్రోల్ మట్టం సొరంగం పైన ఉన్నంతసేపు రెండు పొట్టలూ ఒక్కటే. అంతకన్నా దిగితే ఎవరి నీళ్లు వారివే. ఒక వైపే ట్యాపు ఉంటే రెండో పొట్టలోది అక్కడే ఉండిపోతుంది. అందుకే ఒక పక్క మెయిన్ ట్యాపు, మరో పక్క రిజర్వ్ ట్యాపు పెట్టారు. మెయిన్ ట్యాపుకు లోపల నిలువు గొట్టం ఉంటుంది, దాని కొన కన్నా కింద ఉన్న పెట్రోల్ అందులోకి రాదు. రిజర్వ్ దానికి ఆ గొట్టం ఉండదు, అడుగంటా లాగేస్తుంది.

మీ ట్యాంకులో ఎంత చిక్కుకుంటుందో ఊహించకండి, కొలవండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, బండిని సెంటర్ స్టాండు మీద నిటారుగా నిలిపి, మట్టం సొరంగం పైకి వచ్చేదాకా పెట్రోల్ పోయండి. పైపులు ఊడదీసి, మీరు ఉంచాలనుకున్న ట్యాపు మాత్రమే తెరిచి ధార ఆగేదాకా డబ్బాలోకి పట్టండి. తర్వాత రెండో ట్యాపు తెరిచి విడిగా కొలపాత్రలోకి పట్టండి. ఈ రెండోసారి వచ్చిందే మీరు పోగొట్టుకోబోయేది. రెండో వైపు ఉన్నది మెయిన్ ట్యాపైతే దాని నిలువు గొట్టం కింద ఇంకొంత ఉండిపోతుంది. ట్యాపు విప్పి ఆ కాస్త కూడా లెక్కలో కలపండి.

వచ్చిన లెక్కను బట్టి మూడు దారులున్నాయి.

మొదటిది మీరు అడిగినదే: ఒక వైపు ప్లగ్, మరో వైపు ఒకే ట్యాపు. ఉంచే ట్యాపు నిలువు గొట్టం ఉన్న మెయిన్ ట్యాపు కాకూడదు. ఆన్, రిజర్వ్, ఆఫ్ మూడూ ఒకే మీటలో ఉన్న రకం వేయండి. రిజర్వ్ కూడా అయిపోయాక ట్యాపు మూసి, ఇంజన్ ఆపి, బండిని ట్యాపు ఉన్న వైపుకు బాగా వంచితే రెండో పొట్టలోది సొరంగం మీదుగా ఇవతలికి దూకుతుంది. ఇది చాలా పాత చిట్కా, పనిచేస్తుంది. కాకపోతే 200 కిలోల బండిని రోడ్డు పక్కన అంత వంచడం అందరి వల్లా కాదు. ట్యాపు సైడ్ స్టాండు ఉన్న వైపే ఉంటే కొంత తేలిక.

రెండోది: రెండు రంధ్రాలకూ ట్యాపు లేని సాదా నాజిల్స్ బిగించి, రెండు పైపులనూ టీ జాయింట్‌తో కలిపి, ఆ తర్వాత పైపు మధ్యలో ఒకే ఒక్క ట్యాపు పెట్టడం. రెండు పొట్టలూ పూర్తిగా ఖాళీ అవుతాయి, తెరిచేదీ మూసేదీ ఒకే చోట. రిజర్వ్ మాత్రం పోతుంది. ఒక నాజిల్‌కు నిలువు గొట్టం పెడితే రిజర్వ్ వస్తుందేమో అని ఆలోచించకండి. రెండోది అడుగు నుంచి లాగుతూనే ఉంటుంది కాబట్టి మీకు హెచ్చరికేమీ రాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ట్యాంకు దించాలంటే ముందు పెట్రోల్ అంతా తీసేయాలి, ఎందుకంటే ట్యాపుకు పైన ఉన్న పైపు ఊడితే ఆపడానికి ఏమీ ఉండదు. జాలీ కూడా నాజిల్స్ మీదే ఉండేలా చూసుకోండి.

మూడోది కొన్ని ట్యాంకులకే కుదురుతుంది. కొన్ని జీను ట్యాంకులకు ట్యాపు రంధ్రాలు కాక, రెండు పొట్టల అడుగునా విడిగా చిన్న నాజిల్స్ ఉంటాయి. వాటిని సొరంగం కింద నుంచి ఒక పైపు కలుపుతుంది. మీ ట్యాంకుకు ఆ పైపు ఉంటే మరో ఆలోచన వద్దు, ఒక ట్యాపు తీసేయండి. రెండు పొట్టల మట్టమూ ఎప్పుడూ సమానంగా ఉంటుంది. రిజర్వ్ కూడా రెండు వైపులా కలిపి లెక్కకొస్తుంది. అది ఎక్కువైపోయి బండి తొందరగా రిజర్వ్‌కు వస్తుంటే నిలువు గొట్టాన్ని కొంచెం కత్తిరించుకోవచ్చు.

ఈ పనిలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక వైపు ట్యాపు ఉంచి, రెండో వైపు సాదా నాజిల్ పెట్టి, ఆ పైపును ట్యాపు తర్వాత వచ్చే టీ జాయింట్‌కు కలుపుతారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ మీరు ట్యాపు మూసినా రెండో పొట్ట నుంచి పెట్రోల్ కార్బురేటర్ మీదకు వస్తూనే ఉంటుంది. రాత్రంతా దాన్ని ఆపేది ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోల్ దారి మూసే సూది) ఒక్కటే. కలిపే పైపు ఎప్పుడూ ట్యాపుకు ముందే కలవాలి.

కలిపే పైపు లేని ట్యాంకైతే మా ఓటు రెండు ట్యాపులనూ ఉంచడానికే. కారుతున్నది రెండో ట్యాపు ఉండటం వల్ల కాదు, మీరే చెప్పిన ఆ అతుకుల వల్ల. ప్రతి ట్యాపు నుంచి ఒకే పైపు కింది టీకి, అక్కడి నుంచి కార్బురేటర్లకు, అంతే. మధ్యలో ఎవరో ఇరికించిన ఫిల్టర్లు, అడాప్టర్లు అన్నీ తీసేయండి. రోజూ మెయిన్ ఒక్కటే తెరవండి. అది అయిపోయినప్పుడు రిజర్వ్ తెరవండి. ఆ ట్యాపులు పెట్టినవాళ్లు అనుకున్న వాడకం అదే.

ప్రశ్న: లాగితే తెరుచుకుని నొక్కితే మూసుకునే పాత రకం ట్యాపు. ఆరు నెలలు బండి తీయలేదు. ఇప్పుడు పెట్రోల్ పోయగానే కాడ చుట్టూ కారుతోంది. పారేయాల్సిందేనా?

జవాబు: లోపల ఉన్నది కార్క్ బిరడా. తడిగా ఉన్నంతకాలం ఉబ్బి బిగువుగా పడుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి కాడ విప్పి బయటికి తీయండి. కార్క్ విరగకుండా, పగలకుండా ఉంటే మరిగిన నీళ్లలో పది నిమిషాలు వేయండి. ఉబ్బాక తుడిచి, వెంటనే ట్యాపులో అమర్చి పెట్రోల్ పోయండి. మళ్లీ ఆరబెడితే చేసినదంతా వృథా. అంచులు పొడిపొడిగా రాలుతుంటే నీళ్లు ఏమీ చేయలేవు. కార్క్ బదులు ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు వలయాలు) ఉన్న కాడ దొరికితే అది వేయండి, అందులో ఓ-రింగులు పెట్రోల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరువై ఉండాలి. మామూలు నల్ల రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఉబ్బి కాడను కదలనివ్వకపోవచ్చు.

ఇత్తడి కోను తిరిగే రకం ట్యాపు కారుతుంటే వైద్యం వేరు. కోనుకు మెటల్ పాలిష్ రాసి, దాని గూట్లోనే అటూ ఇటూ తిప్పుతూ అరగదీయండి. చుట్టూ ఒకే రకమైన మసక మెరుపు వచ్చాక ఆపి, కిరోసిన్‌తో కడిగి, పెట్రోల్‌కు కరగని గ్రీజు పల్చగా పూసి బిగించండి.

ప్రశ్న: కొత్త మీట ట్యాపు కొన్నాను. బిగించేసరికి మీట ఇంజన్ వైపు తిరిగి ఆగింది, చెయ్యి పోదు. ఇంకొంచెం బిగిస్తే బయటికి వస్తుంది కానీ భయంగా ఉంది. టెఫ్లాన్ టేపు చుట్టి సగంలో ఆపేయొచ్చా?

జవాబు: మీ భయం సబబే, టేపు ఆలోచన మాత్రం వద్దు.

బ్రిటిష్ ట్యాంకుల్లో ఎక్కువగా ఉండేది పావు అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ స్టాండర్డ్ పైప్) మర. పేరుకు పావు అంగుళమే గానీ బయటి కొలత 13.157 మి.మీ., అంటే అర అంగుళం పైనే. అంగుళానికి 19 చుట్లు. చిన్న బండ్లలో అర పావు అంగుళం బీఎస్పీ కూడా కనిపిస్తుంది. దాని బయటి కొలత 9.728 మి.మీ., అంగుళానికి 28 చుట్లు. కొత్త ట్యాపు చేత్తో తిప్పితే నాలుగు చుట్లైనా సాఫీగా ఎక్కాలి. ఒకటిన్నర చుట్టుకే పట్టేస్తే అది వేరే మర. 14 మి.మీ. మెట్రిక్ ట్యాపును పానాతో బలవంతంగా ఎక్కించడం వల్ల మర చెడిపోయిన ట్యాంకులు తక్కువేమీ కాదు.

ఈ మర సమాంతరంగా ఉంటుంది, కోను కాదు. అంటే కారకుండా ఆపేది మర కాదు, ట్యాపు భుజానికీ ట్యాంకుకూ మధ్య ఉన్న వాషర్. అందుకే టేపు ఎంత చుట్టినా ప్రయోజనం ఉండదు. పైగా తెగిన టేపు పోగు లోపలికి పోతే ఫ్లోట్ నీడిల్ కింద ఇరుక్కుంటుంది, లేదా కార్బురేటర్‌లోని సన్న రంధ్రమైన జెట్‌ను మూసేస్తుంది. అప్పుడు తప్పు ట్యాపుదని మీకు తట్టను కూడా తట్టదు.

మీటను మీకు కావలసిన వైపు తిప్పుకోవడానికి లెక్క ఉంది. అంగుళానికి 19 చుట్లంటే ఒక పూర్తి చుట్టుకు 1.34 మి.మీ. మీట పావు చుట్టు ముందే ఆగాలంటే వాషర్ మందం 0.33 మి.మీ. పెరగాలి, అర చుట్టుకైతే 0.67. ఫైబర్ వాషర్లు రెండు మూడు మందాల్లో తెచ్చుకుని మార్చి చూడండి. లేదా పల్చటి రాగి షిమ్‌కు రెండు పక్కలా ఫైబర్ వాషర్లు పెట్టండి. అన్నిటికన్నా నమ్మకమైనది డౌటీ వాషర్, అంటే ఇనుప వలయం లోపలి అంచుకు రబ్బరు పెదవి అతికించినది. అది కొద్ది బిగువుకే సీలవుతుంది. పెదవి వైటాన్‌దైతే మంచిది. మెత్తటి ఫైబర్ వాషరైతే మీటను అటూ ఇటూ కాస్త సర్దుకోవచ్చు, డౌటీకి ఆ వెసులుబాటు తక్కువ.

ట్యాంకులో మర ఉన్న ముక్క రేకుకు అతికించినది. దాని మీద పొడుగు పానా వేసి వేలాడితే అతుకే పగులుతుంది. ఆ పగులును ట్యాంకు లోపల ఆవిరి లేకుండా శుభ్రం చేసి అతికించడం నిపుణుడి పని, ఇంట్లో చేసేది కాదు. చేత్తో బిగిసిన తర్వాత చిన్న పానాతో పావు చుట్టు లోపే.

ప్రశ్న: 1970ల చివరి జపనీస్ నాలుగు సిలిండర్ల బండి, వాక్యూమ్ ట్యాపు. తీసేసి మామూలు చేతి ట్యాపు వేస్తే సులువవుతుందని విన్నాను. ఏమేం చూసుకోవాలి?

జవాబు: వాక్యూమ్ ట్యాపులో డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఇన్‌లెట్ (కార్బురేటర్ నుంచి సిలిండర్‌లోకి పోయే దారి) నుంచి వచ్చే పీల్పు డయాఫ్రమ్‌ను లాగి దారి తెరుస్తుంది, ఆగగానే స్ప్రింగు మూస్తుంది. చక్కటి ఏర్పాటే. చెడిందో లేదో తెలుసుకోకుండా తీసేయకండి. వాక్యూమ్ పైపు ఊడదీసి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగింది. అలాంటప్పుడు పీల్పు తీసుకునే సిలిండర్ ఒక్కటే నల్లగా పొగ వదులుతుంది, దాని స్పార్క్ ప్లగ్ మసిబారుతుంది. తడి లేకపోతే ఒక సిరంజితో ఆ నాజిల్‌ను పీల్చండి, ట్యాపు కింద పెట్రోల్ వస్తే, వదిలితే ఆగితే అది బాగానే ఉన్నట్టు. డయాఫ్రమ్ కిట్ దొరికితే అది వేసుకోవడమే మేలని మా అభిప్రాయం. దొరకని బండికే చేతి ట్యాపు.

ట్యాపును ట్యాంకుకు పట్టేవి సాధారణంగా రెండు బోల్టులు. వాటి మధ్య దూరం నడిమి నుంచి నడిమికి కొలవండి. 34 మి.మీ., 44 మి.మీ. తరచు కనిపించే కొలతలు. ఓ-రింగు కొత్తది వేయండి. బోల్టు తల కింద నైలాన్ లేదా రబ్బరు అంచున్న వాషర్ ఉంటే అదే రకం తిరిగి వేయాలి. కొన్ని ట్యాంకుల్లో బోల్టు రంధ్రాలు లోపలికి తెరుచుకుంటాయి, మామూలు వాషర్ వేస్తే బోల్టు మరల వెంటే పెట్రోల్ కారుతుంది. కొత్త ట్యాపు నిలువు గొట్టం పాతదానంత ఎత్తు ఉందా, వంపు తిరిగిన జాలీ ట్యాంకు గోడకు తగలడం లేదా చూసుకోండి. గొట్టం పొట్టిదైతే మెయిన్ మీద ఎక్కువ దూరం వెళ్తారు, రిజర్వ్ అరలీటరు కూడా మిగలదు.

ఇక అసలైనది. ఇన్‌లెట్ మీద ఖాళీ అయిన వాక్యూమ్ నాజిల్‌ను రబ్బరు టోపీతో మూసి క్లిప్పు వేయండి. తెరిచి వదిలేస్తే ఆ సిలిండర్‌లోకి అదనపు గాలి దూరుతుంది. ఐడ్లింగ్ నిలవదు, ఆ ఒక్క సిలిండర్ మిశ్రమం పలచబడి వేడెక్కుతుంది, అలాగే వేగంగా నడిపితే పిస్టన్ కాలిపోవచ్చు. టోపీ ఏడాదికోసారి చూడండి, ఇంజన్ వేడికి పగుళ్లిస్తుంది.

రెండోది అలవాటు. ఇకనుంచి ఆపిన ప్రతిసారీ ట్యాపు మూయాలి. ఫ్లోట్ నీడిల్ కింద ఇసుక రేణువంత చెత్త పడినా పెట్రోల్ పొర్లుతుంది. కార్బురేటర్‌కు పొర్లు పైపు ఉంటే నేల మీద, లేకపోతే సిలిండర్‌లోకి. సిలిండర్ నిండిన బండికి స్టార్టర్ నొక్కితే పెట్రోల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రింగుల పక్క నుంచి జారితే ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం దానంతటదే పెరిగినా, డిప్‌స్టిక్ పెట్రోల్ వాసన కొట్టినా స్టార్ట్ చేయొద్దు, ముందు ఆయిల్ మార్చండి. చేతి ట్యాపు వేసే రోజే నాలుగు నీడిళ్లూ, వాటి సీట్లూ చూసి, కొనలో గీత పడినవాటిని మార్చేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ప్రశ్న: ఒక్క ట్యాపుకు మార్చాక నెమ్మదిగా వెళ్తే ఏమీ లేదు. వేగంగా ఐదారు కిలోమీటర్లు వెళ్తే బండి తడబడి ఆగిపోతుంది. రెండు నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్. ట్యాపు చిన్నదైందా?

జవాబు: ఫ్లోట్ గిన్నె ఖాళీ అవుతోంది, నిలబడితే నిండుతోంది. లక్షణం అదే. ట్యాపును నిందించే ముందు పెట్రోల్ మూతను అనుమానించండి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో పీల్పు ఏర్పడి ధార సన్నబడుతుంది. ఆగిపోయిన వెంటనే మూత తెరవండి, ఉస్సుమని గాలి లోపలికి పోయి, బండి వెంటనే స్టార్టయితే దొంగ దొరికినట్టే.

మూత బాగుంటే ధార కొలవండి. ట్యాంకులో లీటరు పెట్రోల్ మాత్రమే ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, దాని కొనను అదే ఎత్తులో పట్టుకుని నిమిషంపాటు కొలపాత్రలోకి వదలండి. కావలసింది ఎంత? 120 కి.మీ. వేగంలో లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండి గంటకు 8 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 133 మి.లీ. దానికి రెట్టింపు పైన, 300 మి.లీ. ఆగకుండా వస్తే నిశ్చింత. మొదట ధారగా వచ్చి సగం నిమిషానికి సన్నబడితే జాలీ మీద తుప్పు చేరుతోంది. మొదటి నుంచీ సన్నగానే ఉంటే దారిలో ఎక్కడో ఇరుకుంది. ఒక్కో ముక్కా ఊడదీస్తూ, ట్యాపు వైపు నుంచి కిందికి మళ్లీ మళ్లీ కొలవండి. టీ జాయింట్ బయటికి 8 మి.మీ. కనిపించినా లోపలి రంధ్రం 4 మి.మీ. ఉండటం మామూలే. పైపు దిగువగా ధార బాగుండి కూడా బండి ఆగుతుంటే అడ్డు ఫ్లోట్ నీడిల్ సీట్లో ఉంది. గిన్నెకు డ్రెయిన్ స్క్రూ ఉంటే పైపు తగిలించి, అది తెరిచి అక్కడ కొలవండి.

మీరు ఈమధ్య ప్లాస్టిక్ గిన్నెలో మడతల కాగితం ఉన్న ఫిల్టర్ వేసి ఉంటే ముందు అది తీసేయండి. ఆ రకం పంపుతో తోసే కార్లకు. ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు ఉన్న జానెడు ఎత్తు తేడాతో కాగితాన్ని దాటించడం పెట్రోల్‌కు కష్టం. ఫిల్టర్ సగం గాలితో నిండి కనిపిస్తుంది కూడా. ట్యాపు మీద నిలువు జాలీ చాలు. ట్యాంకు తుప్పు రాలుస్తుంటే ఇత్తడి జాలీ ఉన్న చిన్న ఫిల్టర్ వేయండి. పైపు ఎక్కడా పైకి లేచి కిందికి దిగకూడదు. ఆ మిట్టలో గాలి బుడగ కూర్చుంటుంది, సిలిండర్ తల దగ్గరగా వెళ్తే పెట్రోల్ ఆవిరై అదే చోట పట్టేస్తుంది.

ప్రశ్న: పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు వేస్తే పెట్రోల్ కనిపిస్తుంది కదా, ఎందుకు వద్దంటారు?

జవాబు: కొత్తలో బాగుంటుంది. కొన్ని నెలలకు పసుపుపచ్చగా మారి గట్టిపడుతుంది, నాజిల్ మీద పట్టు వదులుతుంది. వేడిమి తగిలితే మెత్తబడి జారుతుంది. పెట్రోల్ పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 (SAE J30 R9) అని అచ్చు ఉన్నది కొనండి, లోపలి పొర ఇథనాల్‌ను తట్టుకుంటుంది. నాజిల్ 6 మి.మీ. అయితే పైపు లోపలి కొలత కూడా 6 మి.మీ. వదులు పైపును క్లిప్పుతో నొక్కి సరిపెట్టకండి, ముడత పడిన చోటే కారుతుంది. పురి తిప్పే పళ్ల క్లిప్పు సన్న పైపును కోస్తుంది, పైపు చుట్టూ సమంగా నొక్కే చిన్న స్క్రూ క్లిప్పు వాడండి. అంతా బిగించాక ట్యాపు తెరిచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ప్రతి అతుకు కింద పొడి కాగితం ముక్క ఉంచి పావుగంట ఆగండి. వేలికి తగలని చెమ్మ కాగితం మీద మరకగా కనిపిస్తుంది.